మూడు నుంచి ఆరు దాకా

గిన్నె మీద మూత చప్పుడు కాకుండా పెట్టడం ఒక విద్య. నిటారుగా దించితే ఖణేల్‌మంటుంది. ముందు ఒక అంచు ఆనించి, వేలు అడ్డం పెట్టి, రెండో అంచును మెల్లగా వదలాలి. వేలు కాస్త కాలుతుంది. అయితేనేం, ఇంట్లో ఎవరి నిద్రా చెడదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా మామగారికి మధ్యాహ్నం కునుకు ఉండేది. ఆయన పోయాక ఆ కునుకు మా ఆయనకు వారసత్వంగా వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో తలుపు గడియ, బీరువా తాళం, కుళాయి, చెంచాలు, అన్నిటి నోరూ మూయించడం నేర్చుకున్నాను. ఎంత బాగా చేసినా ఎవరికీ తెలియని పని అది. ఎప్పుడైనా ఒక మూత చేయి జారితే మాత్రం వెంటనే హాల్లోంచి మాట వచ్చేది, "ఏం పగలగొట్టావు?" అని.

అలాంటి నేను యాభయ్యో ఏట ఇంట్లో కరెంటు రంపం పెట్టాను.

మా నాన్న వడ్రంగి. ఆడపిల్లనని చూడకుండా నాకు పని నేర్పాడని చెప్పుకోవాలని ఉంటుంది కానీ అది నిజం కాదు. ఆయన నేర్పింది అన్నయ్యలకు. నాకు ఇచ్చిన పని చెక్క కదలకుండా రెండో కొస పట్టుకోవడం. పదేళ్ళు ఆ కొస పట్టుకుని కళ్ళప్పగించి చూశాను కాబట్టి అన్నయ్యల కంటే నాకే బాగా వచ్చింది. ఆ సంగతి నాన్నకూ తెలియదు, అన్నయ్యలకూ తెలియదు. నాకే చాలాకాలం తెలియదు. ఓసారి భోజనాల బల్ల దగ్గరి కుర్చీ కాలు ఊడింది. వడ్రంగి నెలరోజులపాటు రేపు రేపంటూ తిప్పాడు. విసుగొచ్చి నేనే దాన్ని విప్పి, పాత జిగురంతా గీకేసి, ఓ చెక్క సీల చెక్కి దిగగొట్టాను. మా ఆయన అందులో కూర్చుని, అటూ ఇటూ రెండుసార్లు ఊగి, "వడ్రంగి వచ్చి వెళ్ళాడా?" అన్నారు. "వచ్చింది" అన్నాను. ఆయన పేపర్లో ఉన్నారు, వినిపించుకోలేదు.

ఆ తర్వాత ఎదురింటి వాళ్ళ స్టూలు, పక్కవీధి వాళ్ళ మంచం పట్టె, ఎవరిదో వాలుకుర్చీ. వెనక గదిలో పాత పరుపులూ విరిగిన సూట్‌కేసులూ ఉండేవి, వాటిని అటకెక్కించి ఓ బల్ల వేసుకున్నాను. రంపం పాతది కొన్నాను. వచ్చినవాళ్ళు తలుపు తీసిన నన్ను వదిలేసి "సార్ ఉన్నారా?" అని అడిగేవారు. మా ఆయన ఆ కుర్చీ అందుకుని, తిరగేసి మరగేసి చూసి, "ఎల్లుండికి చేయించి పెడతాను" అనేవారు. ఎవరి చేత చేయిస్తారో చెప్పేవారు కాదు. పోయింది వెనక కాలు కాదు, అడ్డకర్ర అని వంటింటి గుమ్మంలోంచే నాకు కనిపిస్తూ ఉండేది. చెప్పేదాన్ని కాదు. ఈ ఇంట్లో నేను నోరు మూయించిన వస్తువుల్లో నేనూ ఒకదాన్ని.

పనితో ఎప్పుడూ ఇబ్బంది లేదు, ఇబ్బందంతా పొద్దుతోనే. పాలు కాగేలోపు ఒక కోత, బట్టలు నానేలోపు రెండు బెజ్జాలు, ఇలా దొరికినంత దొరకబుచ్చుకునేదాన్ని. అందులోనూ సగం 'ఇదిగో' తినేసేది. మా ఆయన ఆఫీసులో ఒక సెక్షన్‌కంతా పెద్ద. బల్ల మీద బెల్లు నొక్కితే మనిషి పరిగెత్తుకొచ్చేవాడు. రిటైరయ్యేటప్పుడు ఆ బెల్లు అక్కడే వదిలి రావలసి వచ్చింది కదా, ఇంట్లో దాని బదులు 'ఇదిగో' పెట్టుకున్నారు. ఇదిగో, నా కళ్ళజోడు ఎక్కడ? ఇదిగో, ఎవరో వచ్చినట్టున్నారు. ఇదిగో, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. ఫ్యాను మీట ఆయన తలకు జానెడు దూరంలో ఉంటుంది. చెడ్డ మనిషి కాదు, నా మీద చెయ్యెత్తి ఎరగరు, మాట తూలి ఎరగరు. పిలిస్తే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకంతో బతికిన మనిషి. ఆ వచ్చే ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.

ఒకసారి అడిగి కూడా చూశాను. "రోజుకో రెండు మూడు గంటలు నన్ను పిలవకుండా ఉంటారా? పని తెగనివ్వకుండా చేసుకుంటాను" అన్నాను. "నిన్నెవరు ఆపారు? హాయిగా చేసుకో" అన్నారు, నిజంగా ఆశ్చర్యపోతూ. గదిలోకి వెళ్ళి చెక్కను బల్లకు బిగించి గీత గీశాను. గీత పూర్తికాకుండానే, "ఇదిగో, ఇందాక ఏదో అన్నావు, ఏమిటది?" అని పిలుపు. ఇంక మళ్ళీ అడగలేదు.

అలా ఉండగా మా కింది వాటాలోకి ఒక నర్సు అద్దెకు దిగింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఒంటరి మనిషి. పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజునే అడిగింది, "పైన ఏదో మిషను ఉందటగా సార్? నేను పగలు పడుకోవాలి" అని. మా ఆయన పెద్దగా నవ్వి, "అబ్బే, అదేం మిషను. మా ఆవిడ కాలక్షేపానికి కర్రలు కోస్తుంటుంది. మీరు ఆపమంటే ఆ క్షణమే ఆపేస్తుంది" అన్నారు. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయి మాత్రం ఆయన వంక కాకుండా నా వంక చూసింది. నా చేతికి పసుపు రంగు జిగురు ఎండి అంటుకుని ఉంది, దాన్ని చూసింది.

వారం తర్వాత నేనే కిందికి వెళ్ళాను. చప్పుడు చేసేవాళ్ళకు తమ చప్పుడు ఎప్పుడూ చిన్నదిగానే వినిపిస్తుంది, దాన్ని వినవలసింది గోడ అవతల నిలబడి. అందుకని ముందు, మాతోనే ఉండే మా అత్తయ్యను వెనక గదిలోకి తీసుకెళ్ళాను. "అత్తయ్యా, నేను కిందికి దిగాక ఈ మీట నొక్కండి. వంద లెక్కపెట్టి ఆపేయండి."

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మీట వైపు పాముని చూసినట్టు చూసింది. "చెయ్యి తెగదు కదే అమ్మాయ్?"

"రంపం బల్ల మీద ఉంది, మీట గోడకుంది. మీరు అక్కడికి వెళ్ళొద్దు, ఇక్కడే ఉండండి."

నర్సు పడకగదిలో ఇద్దరం మంచం మీద కూర్చుని పైకి చూస్తున్నాం. రంపం మొదలైంది. గుయ్‌మని సన్నగా వినిపించింది. చెక్క కోసేటప్పుడు అంతకు రెట్టింపు ఉంటుందని లెక్క వేసుకున్నాను. వందైంది, నూట యాభై కూడా అయింది, అత్తయ్య ఆపలేదు. ఈలోగా హాల్లో ఎవరో కుర్చీ లాగారు. కిర్రుమని పళ్ళు పులిసిపోయేలా వినపడింది. ఆ వెంటనే, కప్పు మొత్తం దాటుకుని, "ఇదిగో." కాసేపాగి, "ఇదిగో, వింటున్నావా?" ఇంకాసేపాగి, "ఎక్కడున్నావు?"

నర్సు నా వంక తిరిగింది. "అది సారేనా అక్కా?"

"ఆయనే."

"వారం నుంచి అనుకుంటున్నా. నాకు ఇటు కన్ను మూతపడుతుందనగా పైన ఎవరో ఎవరికో ఏదో చూపిస్తున్నారని. నిన్న లెక్కపెట్టాను, పొద్దున్నించి పదిహేడుసార్లు." ఆ అమ్మాయికి నవ్వాగలేదు. "రంపం ఫరవాలేదక్కా. దీనికేదైనా మందుందా?"

నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళుగా నాకు ఒక్కదానికే వినిపిస్తోందనుకున్న చప్పుడును ఇంకో మనిషి కూడా విన్నది.

అక్కడే కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. తను తొమ్మిదింటికి పడుకుంటుంది, రెండున్నరకు లేస్తుంది. ఆ వేళల్లో నేను చప్పుడు లేని పనులు చేసుకోవాలి. కొలతలు, గీతలు, జిగురు పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం. రంపం, సుత్తి, డ్రిల్లు, మోత అనేదంతా మూడు నుంచి ఆరు దాకా. ఆరు దాటితే ఎదురింటి పిల్లలు చదువుకు కూర్చుంటారు కాబట్టి బంద్. ఏ రోజైనా మోత ఎక్కువ ఉంటుందనుకుంటే ముందురోజే చెప్పాలి. పైకి వచ్చి బల్ల కాళ్ళకింద రబ్బరు ముక్కలు వేశాను. అటకమీది పరుపులు దించి గోడకు నిలబెట్టాను. పాత చెప్పులు కోసి, ఇంట్లోని కుర్చీలన్నిటి కాళ్ళకూ అడుగున అంటించాను. మెట్ల మీద రాలిన రంపపు పొట్టు రోజూ ఊడవాలని పెట్టుకున్నాను. మూడు నుంచి ఆరు అని కాగితం మీద రాసి గది తలుపుకు అంటించాను.

మిగిలింది ఇంట్లో చెప్పడం. రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "నర్సమ్మకు మాటిచ్చాను. చప్పుడంతా మూడు నుంచి ఆరు లోపల అయిపోవాలి. ఆ మూడు గంటలూ నేను ఇంకో పనికి లేవడానికి వీల్లేదు. పొద్దున తొమ్మిది నుంచి రెండున్నర దాకా ఇంట్లో ఎవరూ గట్టిగా పిలవకూడదు, కింద నిద్ర చెడుతోందట."

"పిలవకపోతే ఎలా?" అన్నారు మా ఆయన.

"నడిచి వచ్చి అడగండి."

"మరి నాలుగింటి టీ?"

"నాలుగింటికి నేను రంపం దగ్గర ఉంటాను."

గొడవ పడతారనుకున్నాను, మాటలు కూడబలుక్కుని ఉన్నాను. ఆయన ముద్ద ఆపి ఆలోచించి, "పాపం, రాత్రంతా మేలుకుని రోగుల్ని చూసుకునే మనిషి. ఆమాత్రం మనం సర్దుకోకపోతే ఎలా?" అన్నారు. అంతే. మా ఆయనకు పరాయివాళ్ళంటే మహా మొహమాటం. నాకోసం అడిగితే ఒక్క గీత గీసేంతసేపు కూడా నిలవనిది, కింది వాటావాళ్ళ కోసం అడిగితే రోజుకు మూడు గంటలు చొప్పున మంజూరైంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, ఆ ముక్క చూపించి ఇంట గెలిచాను.

మొదటి వారం ఆ మూడు గంటలు నాకు ఒంటికి పట్టలేదు. రంపం ఆపినప్పుడల్లా చెవి హాలు వైపు పోయేది. పిలవకపోయినా రెండుసార్లు "వస్తున్నా" అన్నాను. రెండో వారంలో మా ఆయన కళ్ళజోడు కోసం నడిచి రావడం మొదలుపెట్టారు. వచ్చేదారిలోనే అది టీవీ మీద కనిపించేది. అలా నాలుగురోజులు నడిచాక, కళ్ళజోడు ఎక్కడుంటుందో ఆయనకే తెలిసిపోయింది. టీ కూడా పెట్టుకున్నారు. మొదటిది కషాయం, రెండోది పాలు. పదిహేను రోజులకు తాగేలా వచ్చింది. నాలుగింటికి ఆయన స్నేహితులు ఇద్దరు వస్తారు, వాళ్ళకూ ఆయనే ఇచ్చారు. ఒకరోజు ఒక గ్లాసు తెచ్చి నా గది గుమ్మంలో పెట్టారు. "ఇది..." అని నోటిదాకా వచ్చి, తలుపు మీది కాగితం చూసి ఆగిపోయి, మెల్లగా వెళ్ళిపోయారు. ఆ టీ చల్లారింది, అయినా మొత్తం తాగాను.

అసలు లాభం ఇంకోటి ఉంది. పిల్లల బడి నడిపే ఒకావిడ వచ్చి ఎప్పటిలాగే "సార్ ఉన్నారా?" అంది. నన్ను పిలవడానికి లేదు కదా, మా ఆయన "చప్పుడు చేసేవేళ అండీ, ఆవిడ లేవరు. మీరే లోపలికెళ్ళి మాట్లాడుకోండి" అన్నారు. ఆవిడ పొట్టులో నడుచుకుంటూ నా బల్ల దాకా వచ్చింది. చెవులకు దూది పెట్టుకుని చిత్రిక పడుతున్న నన్ను చూసి, "మీరా చేసేది?" అంది. నలభై బుల్లి కుర్చీలు కావాలి, బడి తెరిచేలోపు. మూడేళ్ళ పిల్లల మోకాలి ఎత్తు ఎంతుంటుందో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. నా పని గురించి నాతో ఒక మనిషి అంతసేపు మాట్లాడడం అదే మొదలు. ఆరోజు ఒక్క కుర్చీ కూడా పూర్తిచేయకపోయినా ఏదో పెద్ద పని చేసినట్టనిపించింది.

కుర్చీలు నాలుగు పూర్తయ్యేసరికి నర్సు ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అక్కా, నాకు పగటి డ్యూటీ వేశారు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తాను. ఇక మీరు ఎప్పుడంటే అప్పుడు కోసుకోవచ్చు. నావల్ల పాపం ఇన్నాళ్ళూ కట్టేసినట్టయింది మీకు."

సంతోషమని చెప్పాలి. నా చూపు గది తలుపు మీది కాగితం మీదికి పోయింది. ఆ అమ్మాయి నర్సు కదా, ముఖం చూసి రోగం కనిపెట్టగలదు. గొంతు తగ్గించి, "ఈ సంగతి సార్‌కి చెప్తారా?" అంది.

"చెప్పను" అన్నాను. "నువ్వూ చెప్పకు."

నవ్వేసి దిగి వెళ్ళిపోయింది. నాలుగు నెలలు తేలుకుట్టిన దొంగలా ఉన్నాను. రోజూ ఆమె ఏడింటికే వెళ్ళిపోతుందని తెలిసి కూడా, పొద్దంతా ఉప్పుకాగితం రుద్దుతూ మూడయ్యేదాకా రంపం ముట్టలేదు. ఇంతలో మా ఆయనకు నర్సమ్మ నిద్ర ఒక దీక్ష అయి కూర్చుంది. ఇంట్లో పిల్లి నడక నడిచేవారు. వీధిలో బంతాడే పిల్లల్ని, హారన్ కొట్టే స్కూటరువాణ్ణి "కింద మనిషి పడుకుంది" అని హెచ్చరించేవారు. చూస్తుంటే జాలేసేది, మనసు పీకేది. ఎన్నోసార్లు చెప్పేద్దామని దగ్గరకు వెళ్ళాను. చెబితే ఏమవుతుందో తెలుసు. నర్సమ్మ పేరు తీసేస్తే ఆ మూడు గంటల కింద ఇంకెవరి పేరూ లేదు. నా పేరు ఒకసారి పెట్టి చూశాను, ఏమైందో ఇందాకే చెప్పాను. కుర్చీలు ముప్ఫై ఒకటి అయ్యాయి, ఇంకా తొమ్మిది ఉన్నాయి. బడి తెరవడానికి నెల ఉంది.

నిన్న మధ్యాహ్నం వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. బండివాడు గొంతెత్తి అరుస్తుంటే మా ఆయన గేటు దాకా దిగి వెళ్ళారు. కిటికీలోంచి నాకంతా వినిపిస్తూనే ఉంది.

"మెల్లగా అరవవయ్యా. నర్సమ్మ పడుకుంది."

"ఏ నర్సమ్మ సార్? ఈ కింద ఆవిడేనా? ఆవిడ పొద్దున్నే డ్యూటీకెళ్ళిపోద్ది కదా. నాలుగు నెలల్నించీ రోజూ ఏడింటికి నా బండి ముందునించే పోతది. కావాలంటే తలుపు చూడండి, తాళం ఉంటది."

మా ఆయన వెళ్ళి తాళం చూశారు. తర్వాత మెట్లెక్కుతున్న చప్పుడు, చాలా నెలల తర్వాత మామూలు అడుగుల చప్పుడు. అత్తయ్య భోజనానికి కూర్చుని ఉంది. నేను మజ్జిగ పోస్తున్నాను. ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"నాలుగు నెలల్నుంచీ తెలుసా?"

"తెలుసు."

ఆయన కంచం దగ్గరికి లాక్కున్నారు. కోపం వచ్చింది, దానికంటే ఎక్కువగా చిన్నబోయారు. "వీధిలోవాళ్ళంతా నవ్వుకుని ఉంటారు. సరే, అయిందేదో అయింది. ఇక ఆ గంటల గోల వదిలినట్టే కదా. నీ పనేదో తీరికున్నప్పుడు చేసుకో. సాయంత్రం మావాళ్ళు వస్తారు, ఇదివరకట్లా నాలుగింటికి..." ఆ మాట పూర్తిచేయకుండానే మళ్ళీ మొదటికి వచ్చారు. "అంటే ఏమిటి? నాలుగు నెలలు నేను ఖాళీ గది కోసం పిల్లిలా నడిచానన్నమాట."

మజ్జిగ గిన్నె కింద పెట్టాను. క్షమించమని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, అబద్ధం ఆడినదాన్ని కాబట్టి అడగవలసిందే, అడిగాను కూడా. "తప్పే, చెప్పి ఉండవలసింది" అన్నాను. "కానీ ఖాళీ గది కోసం కాదు. నాకోసం నడిచారు."

చిన్న మాటే. చెప్పాక నాకే వింతగా ఉంది. ఈ ఇంట్లో, పెళ్ళిచేసి పంపిన మా అమ్మాయి చదువు కోసం, మామగారి మందుల కోసం, పరువు కోసం, చివరికి పక్కవాళ్ళ నిద్ర కోసం అన్నాను గానీ, దేనికీ అతికించకుండా ఆ మాట ఎప్పుడూ అనలేదు. మా ఆయన చిన్నప్పటి అలవాటుకొద్దీ తల్లి వైపు తిరిగారు. "విన్నావామ్మా?"

అత్తయ్య మెతుకులు ఏరుకుంటూ, "నాకు మొదటి వారంలోనే తెలుసురా" అంది. "ఆ పిల్ల సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ మెట్ల దగ్గర కనిపిస్తుందిగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ చేయి కడుక్కోవడానికి బల్ల పట్టుకుని లేచింది. నేను పట్టుకోబోతే వద్దంది. "మా కాలంలో కింది వాటాలో నర్సులెవరూ దిగలేదు నాయనా" అంది.

ఆయన అన్నం తిన్నారు, తన కంచం తనే తీశారు. కుళాయి దగ్గర కడుగుతూ వెనక్కి తిరగకుండానే, "అయితే మూడు నుంచి ఆరు దాకా, అంతేగా?" అన్నారు.

ఇంకా తొమ్మిది కుర్చీలున్నాయి. పగలు కింద ఎవరూ పడుకోవడం లేదు, మధ్యాహ్నం మోత తమకు ఇబ్బంది కాదని ఎదురింటివాళ్ళు పోయిన వారం నేను అడిగినప్పుడే చెప్పారు. "కాదు, రేపట్నుంచి రెండింటికే మొదలుపెడతాను" అన్నాను.